మెంటార్ వేరు, పైఅధికారి వేరు: కాలేజీ భాషా అధ్యాపకులకు ఆన్‌లైన్ మెంటారింగ్

డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే అధ్యాపకురాలిని "మీకు మెంటార్ ఉన్నారా?" అని అడిగి చూడండి. "నేనే మెంటార్‌ని కదా" అనే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే న్యాక్ గుర్తింపు కోసం కాలేజీలు ప్రతి అధ్యాపకుడికీ కొంతమంది విద్యార్థులను అప్పగిస్తాయి. వాళ్ల హాజరు, మార్కులు, ఇంటి ఇబ్బందులు కనుక్కుని రిజిస్టరులో రాసిపెట్టాలి. అది విద్యార్థులకు ఇచ్చే మెంటారింగ్. మరి ఆ అధ్యాపకురాలికి తన క్లాసులో చిక్కు వస్తే ఎవరితో చెప్పుకోవాలి?

2020 జాతీయ విద్యా విధానం దీని గురించి ఒక మాట చెప్పింది. ఉపాధ్యాయ విద్య గురించిన 15వ అధ్యాయంలో 'జాతీయ మెంటారింగ్ మిషన్' ప్రస్తావన ఉంది. అనుభవజ్ఞులైన సీనియర్, రిటైర్డ్ అధ్యాపకులతో ఒక పెద్ద బృందాన్ని ఏర్పాటు చేయాలని, భారతీయ భాషల్లో బోధించగలిగినవారు కూడా అందులో ఉండాలని, వాళ్లు కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకులకు కొద్దికాలం గానీ దీర్ఘకాలం గానీ తోడ్పడాలని దాని సారాంశం. ఆ తర్వాతే అయోమయం మొదలైంది. ఇదే పేరుతో, ఉపాధ్యాయ విద్యను పర్యవేక్షించే ఎన్‌సీటీఈ 2022లో 30 పాఠశాలల్లో ప్రయోగాత్మకంగా ఒక పైలట్ ప్రారంభించింది. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, సీబీఎస్‌ఈ బడులు అందులో ఉన్నాయి. అంటే అది బడి టీచర్లది. కాలేజీల వైపు 2023 సెప్టెంబరు 5న మాలవీయ మిషన్ అధ్యాపక శిక్షణ కార్యక్రమం వచ్చింది. ఒకప్పటి అకడమిక్ స్టాఫ్ కాలేజీలే తర్వాత మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలై, ఇప్పుడు మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీల్లో రిఫ్రెషర్ కోర్సు చేసినవారికి ఈ కేంద్రాలు కొత్తవేమీ కావు. అవి ఇచ్చేది ప్రధానంగా శిక్షణ, అది కూడా ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్‌లోనే సాగుతోంది.

అలా విద్యార్థులకు మెంటార్‌గా ఉండటం, ఆన్‌లైన్‌లో శిక్షణ పొందడం, తనకంటూ ఒక మెంటార్ ఉండటం అనే మూడు వేర్వేరు విషయాలు కాలేజీ స్టాఫ్‌రూముల్లో ఒకే మాట కింద కలిసిపోయాయి. ఈ వ్యాసం మూడోదాని గురించి, ముఖ్యంగా భాషలు చెప్పేవాళ్లకు అది ఆన్‌లైన్‌లో ఎలా పనిచేస్తుందన్న దాని గురించి.

శిక్షణ, పర్యవేక్షణ, మెంటారింగ్: తేడా ఎక్కడ?

శిక్షణలో విషయం ముందే ఖరారై ఉంటుంది. రెండు వారాల ఆన్‌లైన్ రిఫ్రెషర్‌లో ఉదయం ఒక ఉపన్యాసం, మధ్యాహ్నం ఒకటి, చివర్లో బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష, సర్టిఫికెట్. చెప్పేవారికి మీ క్లాసు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. పర్యవేక్షణలో ప్రిన్సిపాలో, శాఖాధిపతో, తనిఖీ బృందమో మీ పని చూసి ఎలా ఉందో తేలుస్తారు. ఆ తేల్చడం మీ ఉద్యోగం మీద ప్రభావం చూపుతుంది.

మెంటారింగ్ అంటే ఒక అనుభవజ్ఞుడు, ఒక అధ్యాపకుడు కొన్ని నెలల పాటు ఆ అధ్యాపకుడి సొంత క్లాసు గురించే మాట్లాడుకోవడం. ఏం మాట్లాడాలో నిర్ణయించేది సాయం కోరినవారే. మేనేజ్‌మెంట్ పరిశోధకురాలు కాథీ క్రామ్ 1985లో ఉద్యోగ జీవితంలో ఈ బంధం చేసే పనులను రెండుగా విడదీశారు. ఒకటి, ఉద్యోగంలో ఎదగడానికి తోడ్పడటం. రెండోది, మనిషిగా ధైర్యం ఇవ్వడం. భాషా బోధనలో ఈ విభజనను ఆంజీ మాల్డెరెజ్, కరొలిన్ బొదోత్స్కీ 1999లో మరికొంత విప్పారు. మెంటార్ ఆదర్శంగా కనిపిస్తారు, ఆ చోటి పద్ధతులు పరిచయం చేస్తారు, ధైర్యం చెబుతారు, తలుపులు తెరిపిస్తారు, నేర్చుకోవడానికి సాయపడతారు అని ఐదు పాత్రలు చెప్పారు. వాళ్ల అనుభవం హంగరీది. 1989 తర్వాత అక్కడ రష్యన్ తప్పనిసరి కాకుండా పోయింది, ఇంగ్లిష్ టీచర్ల అవసరం ఒక్కసారిగా పెరిగింది. కొత్తగా తయారవుతున్న టీచర్లకు బడిలోనే తోడుండే మెంటార్లు కావాల్సి వచ్చారు.

మనకు ఇది మరీ దూరపు కథ కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిష్ మీడియంలోనే నడపాలని నిర్ణయించినప్పుడు, పదో తరగతి దాకా, ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లల భారం కాలేజీ ఇంగ్లిష్ అధ్యాపకుల మీద పడింది. ఎం.ఏ.లో షేక్‌స్పియర్, భాషాశాస్త్రం చదివి వచ్చినవారు అరవై మందికి వాక్యం కట్టడం నేర్పాల్సి వచ్చింది. బీఈడీ, డీఈడీ లాంటి బోధన శిక్షణ లేనిదే బడిలో టీచర్ కాలేరు. కాలేజీలో ఉద్యోగానికి మాత్రం పీజీ, దాంతోపాటు నెట్ లేదా సెట్ అనే అర్హత పరీక్ష, లేకపోతే పీహెచ్‌డీ ఉంటే చాలు. ఎలా చెప్పాలో ఎవరూ నేర్పకుండానే క్లాసులోకి అడుగుపెడతారు. నా దృష్టిలో మెంటార్ అవసరం బడికంటే కాలేజీలోనే ఎక్కువ అనడానికి ఈ ఒక్క కారణం చాలు.

భాష చెప్పేవారి చిక్కు ఎందుకు వేరు?

కెమిస్ట్రీ అధ్యాపకుడికి భాష ఒక సాధనం, పాఠం వేరే ఉంటుంది. భాషా అధ్యాపకుడికి పాఠం, సాధనం రెండూ భాషే. అందుకే ఆయన ఎంత మాట్లాడాడు, పిల్లలకు మాట్లాడే చోటు ఎంత మిగిలింది, తప్పు పలికినప్పుడు వెంటనే ఆపాడా, ఆగి విన్నాడా అన్నవే పాఠం ఫలించిందా లేదా అన్నదాన్ని తేలుస్తాయి. మాట్లాడుతున్న మనిషికి తన మాట తనకు వినపడదు. బయటి చెవి ఒకటి కావాలి.

ఆన్‌లైన్ ఎందుకంటే, ఆ చెవి చాలా కాలేజీల్లో దగ్గర్లో ఉండదు. ఏజెన్సీ మండలంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్‌కు ఒక్కరే ఉండొచ్చు, హిందీకి ఒక్కరే, సంస్కృతానికి గెస్ట్ ఫ్యాకల్టీ. శాఖాధిపతీ తనే, లెక్చరరూ తనే. ఇంగ్లిష్ వాళ్లకు హైదరాబాద్‌లో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైనప్పటి నుంచి ఇంగ్లిష్ బోధనలో శిక్షణ దాని ప్రధాన పనుల్లో ఒకటి. అయితే క్లాసు వదిలి హైదరాబాద్ వెళ్లి ఉండటం అందరికీ కుదరదు. ఫోను, ఇంటర్నెట్ చేసే పని ఇక్కడ ఆ దూరాన్ని తగ్గించడమే.

ఒక ఉదాహరణ: "పిల్లలు నోరు విప్పరు"

ఊహించిన ఉదాహరణే అయినా, ఇందులో ఉన్నదంతా మన క్లాసులకు దగ్గరగా ఉంటుంది. ఒక ప్రభుత్వ కాలేజీలో మొదటి ఏడాది బీఎస్సీ, అరవై మంది. ఇంగ్లిష్ లెక్చరర్ చేరి రెండేళ్లయింది. మెంటార్ మరో జిల్లాలో రిటైరైన ఇంగ్లిష్ ప్రొఫెసర్.

మొదటి కాల్‌లో పాఠం గురించి అసలు మాట్లాడుకోరు. ఎప్పుడు మాట్లాడుకోవాలి, ఎంతసేపు, రాసుకున్నవి ఎవరి దగ్గర ఉండాలి, ప్రిన్సిపాల్ అడిగితే ఏం చెప్పాలి అని మాట అనుకుంటారు. ఈ చివరి విషయం తేలకపోతే మిగతావన్నీ వృథా. ఎందుకో ముందు ముందు చూద్దాం.

రెండో కాల్‌లో లెక్చరర్ తన ఫిర్యాదు చెబుతారు: "ఏం అడిగినా పిల్లలు నోరు విప్పరు సార్." మెంటార్ వెంటనే పరిష్కారం చెప్పరు. ఎలాంటి ప్రశ్నకు, ఏ పీరియడ్‌లో, ఎవరు అని అడుగుతారు. పాఠ్యభాగం చదివాక అడిగే ప్రశ్నల దగ్గరే ఇది ఎక్కువని తేలుతుంది. తర్వాతి వారం ఆమె ఫోను టేబుల్ మీద పెట్టి పది నిమిషాలు ఆడియో రికార్డు చేస్తారు. వీడియో అక్కర్లేదు. నెట్ బలహీనంగా ఉన్నచోట పది నిమిషాల వీడియో పంపాలంటే వందల ఎంబీలు పోతాయి, ఆడియో అయితే కొద్ది ఎంబీల్లో సరిపోతుంది. పైగా పిల్లల ముఖాలు ఎవరికీ పోవు. అందులో రెండు నిమిషాలు ఆమే విని అక్షరాల్లో రాస్తారు. ఈ పని విసుగ్గా ఉంటుంది, అయినా సగం నేర్చుకోవడం ఇక్కడే జరుగుతుంది.

మూడో కాల్ ఇలా నడుస్తుంది:

"మేడం, ఈ ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగినట్టున్నారు?"

"చాలాసేపే ఆగానండి. ఎవరూ పలకలేదు, అందుకే నేనే చెప్పేశాను."

"ఆ చోటు మళ్లీ ఒకసారి విందామా?"

వింటే ఒక సెకను కూడా లేదు. తనకు చాలాసేపుగా అనిపించింది, రికార్డులో మాత్రం రెప్పపాటు. ఇది ఈ ఒక్కరికే జరిగేది కాదు. 1970ల్లో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్స్ క్లాసుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయని, ఎక్కువమంది మాట్లాడతారని చూపించారు. రెండో భాషలో జవాబు చెప్పాల్సిన పిల్లవాడు తెలుగులో ఆలోచించి, మాటలు వెతుక్కుని, తప్పు పోతానేమోనన్న టెన్షన్ దాటి నోరు తెరవాలి. అతనికి మూడు సెకన్లు కూడా తక్కువే.

ఇక్కడ తొందరపడే మెంటార్ "మూడు సెకన్లు ఆగండి" అని చెప్పి కాల్ ముగిస్తారు. అది సలహా అవుతుంది గానీ సరిపోదు. స్టీవ్ వాల్ష్ అనే భాషా పరిశోధకుడు 2006లో భాషా క్లాసులోని మాటలను నాలుగు రకాల సందర్భాలుగా చూడమన్నారు. క్లాసును సర్దే మాటలు, పాఠ్యపుస్తకం చుట్టూ తిరిగే మాటలు, ఒక భాషాంశాన్ని సాధన చేయించే మాటలు, పిల్లలు తమ అభిప్రాయం చెప్పే సమయం. ఒక్కో సందర్భంలో టీచర్ మాట ఒక్కోలా ఉండాలి. "పేజీ 42 తీయండి" అన్నాక మూడు సెకన్లు ఆగనక్కర్లేదు. "మీరైతే ఆ ఊరు వదిలి వెళ్లేవారా?" అన్నాక మాత్రం ఆగాలి, ఇంకా ఎక్కువే ఆగాలి. ఏ ప్రశ్న ఏ రకమో గుర్తుపట్టడం లెక్చరర్‌కే వస్తే, ఆగడం దానంతట అదే వస్తుంది.

ఆమె ఒక మార్పు అనుకుంటారు. అభిప్రాయం అడిగే ప్రశ్నకు ముందు పక్కవారితో ఒక నిమిషం తెలుగులో మాట్లాడుకోనిచ్చి, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో అడగాలని. మళ్లీ రికార్డు చేస్తారు. జవాబులు పెరుగుతాయి, కానీ అన్నీ ముందు రెండు బెంచీల నుంచే వస్తాయి. వెనక కూర్చున్న అమ్మాయిలు ఇంకా మౌనంగానే ఉన్నారు. కాబట్టి నాలుగో కాల్‌కు కొత్త ప్రశ్న సిద్ధమైంది. మెంటారింగ్ నడిచే తీరు ఇదే. ఒక చిక్కు విప్పితే దాని వెనక ఉన్నది కనిపిస్తుంది, అందుకే దానికి నెలలు కావాలి.

తెర మీద పోయేది, తెర వల్ల వచ్చేది

ముఖాముఖి మెంటారింగే మేలన్నవారి వాదన బలమైనదే. మెంటార్ క్లాసులో వెనక కూర్చుంటే ఎండ పడే కిటికీ, పనిచేయని ఫ్యాను, రెండో పీరియడ్‌కు బస్సు ఆలస్యమై వచ్చే పిల్లలు అన్నీ కనిపిస్తాయి. ఆడియోలో ఇవేవీ ఉండవు. కారిడార్‌లో టీ తాగుతూ బయటపడే మాటలు షెడ్యూల్ చేసిన జూమ్ కాల్‌లో రావు. పైగా ఆ చోటి పద్ధతులు పరిచయం చేయడమనే పాత్రను దూరపు మెంటార్ సరిగా పోషించలేరు. ఆ కాలేజీలో ఎవరితో ఎలా మాట్లాడాలో ఆయనకేం తెలుసు?

రెండో వైపు వాదన కూడా తేలికైనది కాదు. ఆ కారిడార్ తెలియకపోవడమే దూరపు మెంటార్ బలం అంటారు వాళ్లు. "నాకు క్రియా కాలాలు చెప్పడంలో గందరగోళం ఉంది" అని పక్క గదిలోని శాఖాధిపతితో అనలేనివారు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషితో అనగలరు. రాత మీద నడిచే మెంటారింగ్‌కు మరో లాభం ఉంది. బ్రిటన్‌లో జూలియన్ ఎడ్జ్ 1992లో 'సహకార వికాసం' అనే పద్ధతి ప్రతిపాదించారు. అందులో ఒకరు మాట్లాడతారు, రెండోవారు అర్థం చేసుకోవడం మాత్రమే చేస్తారు. సలహా ఇవ్వకూడదు, తన అనుభవం చెప్పకూడదు, మెచ్చుకోకూడదు కూడా. విన్నదాన్ని తిరిగి చెప్పి "మీరన్నది ఇదేనా?" అని అడగాలి, అంతే. జపాన్‌లో విశ్వవిద్యాలయ స్థాయిలో ఇంగ్లిష్ చెప్పిన ఆండ్రూ బూన్ దీన్ని చాట్ మెసేజిల మీదికి తెచ్చారు. టైపు చేసేటప్పుడు మనిషి ఆగుతాడు, రాసినదాన్ని మళ్లీ చదువుకుంటాడు, నెల తర్వాత వెనక్కి తిప్పి చూసుకోగలుగుతాడు. మన వాళ్లకు వాట్సాప్ వాయిస్ మెసేజి ఇంకా సులువు కావొచ్చు. రాత్రి వంటయ్యాక నాలుగు నిమిషాలు మాట్లాడి పంపితే, మెంటార్ పొద్దున విని జవాబిస్తారు.

ఆధారాలు ఏమంటున్నాయి? అమెరికాలో మాథ్యూ క్రాఫ్ట్, డేవిడ్ బ్లాజర్, డిలన్ హోగన్ 2018లో టీచర్ కోచింగ్ (అంటే టీచర్ బోధనను గమనించి, దాని మీద సూచనలిస్తూ తోడ్పడటం) మీద జరిగిన 60 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. బోధన తీరు మీద కోచింగ్ ప్రభావం 0.49 ప్రామాణిక విచలనాలు, విద్యార్థుల ఫలితాల మీద 0.18 అని తేలింది. తేలిక భాషలో చెప్పాలంటే, టీచర్ చెప్పే తీరు బాగానే మారుతుంది, పిల్లల మార్కుల్లో ఆ మార్పు కొంతే కనిపిస్తుంది. ఆన్‌లైన్ కోచింగ్‌కు, ముఖాముఖి కోచింగ్‌కు మధ్య చెప్పుకోదగ్గ తేడా వాళ్లకు కనిపించలేదు. కార్యక్రమం పెద్దదయ్యే కొద్దీ ఫలితం తగ్గడం మాత్రం కనిపించింది. అయితే ఇవి బడుల మీద జరిగిన అధ్యయనాలు, కోచింగ్ కూడా మెంటారింగ్ కంటే కొంచెం ఇరుకైనది. అరవై మంది ఉన్న మన డిగ్రీ క్లాసుకు ఆ అంకెలు యథాతథంగా వర్తించవు. "ఆన్‌లైన్ అయితే పనికిరాదు" అనేవారికి, "ఆన్‌లైన్‌లో లక్షమందికి ఇచ్చేద్దాం" అనేవారికి ఇద్దరికీ ఇది కొంత ఆలోచించాల్సిన విషయం.

తీర్పు చెప్పే మెంటార్‌తో వచ్చే నష్టం

తెర కంటే నన్ను ఎక్కువ ఆందోళన పెట్టేది అధికారం. ఇంగ్లండ్‌లో కొత్త టీచర్ల మెంటారింగ్‌ను చాలాకాలం పరిశీలించిన ఆండ్రూ హాబ్సన్, మాల్డెరెజ్‌తో కలిసి 2013లో ఒక లోపాన్ని వివరించారు. మెంటార్ తన అంచనాలను, తీర్పులను తొందరగా, తరచుగా బయటపెడుతుంటే మెంటారింగ్ వల్ల రావాల్సిన మేలు పోయి, ఒక్కోసారి హాని కూడా జరుగుతుందన్నారు. ఆ హాని ఎలా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. మార్కులు వేసే మనిషి ముందు ఎవరైనా తమ మంచి క్లాసునే చూపిస్తారు. చెడిన క్లాసు దాచిపెడతారు. సాయం కావాల్సింది చెడిన క్లాసుకే.

ఇప్పుడు దీన్ని మన ప్రమోషన్ల పద్ధతి పక్కన పెట్టి చూడండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం కెరీర్ అడ్వాన్స్‌మెంట్‌లో మొదటి మెట్టు ఎక్కాలంటే ఓరియంటేషన్ కోర్సు, రిఫ్రెషర్ లాంటివి చూపించాలి. అవి సర్టిఫికెట్ ఉన్న పనులు. మెంటారింగ్‌కు సర్టిఫికెట్ లేకపోతే పని ఒత్తిడిలో దాన్ని పక్కన పెట్టేస్తారని, అందుకే దీన్నీ ప్రమోషన్‌కు లెక్కించాలని ఒక వర్గం అంటుంది. వాళ్ల మాటలో న్యాయం ఉంది. స్వచ్ఛందంగా వదిలేస్తే ముందే ఉత్సాహం ఉన్నవాళ్లే వస్తారు, నిజంగా ఇబ్బంది పడుతున్నవారు రారు. లెక్కించడం మొదలైన రోజే మెంటార్ సంతకానికి విలువ వస్తుంది, సంతకం పెట్టే మనిషి పైఅధికారి అయిపోతాడు అని రెండో వర్గం అంటుంది. ఏ కార్యక్రమానికైనా కాగితాలు నింపడంలో మన కాలేజీలకున్న నైపుణ్యం చూస్తే ఈ భయం ఉత్తిది కాదు.

మధ్యేమార్గం ఒకటి సాధ్యమే. ఎన్ని గంటలు మాట్లాడుకున్నారన్నది లెక్కించవచ్చు, ఏం మాట్లాడుకున్నారన్నది మాత్రం ఏ ఫైల్లోకీ వెళ్లకూడదు. మెంటార్ వేరే సంస్థ వాడై ఉండాలి. ఎంపిక కమిటీల్లో ఆయన తన మెంటీ (తన సాయం పొందే అధ్యాపకుడు) విషయంలో కూర్చోకూడదు. ఆన్‌లైన్ ఇక్కడ నిజంగా సాయపడుతుంది, ఎందుకంటే వేరే సంస్థ మనిషిని తెచ్చుకోవడం దానివల్లే సులువైంది.

ఇంకో సంగతి. ప్రమోషన్ మెట్లన్నీ రెగ్యులర్ ఉద్యోగులవి. గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీకి ఈ చర్చతో సంబంధమే లేదు. చాలా కాలేజీల్లో మొదటి ఏడాది భాషా క్లాసులు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. వచ్చే ఏడాది ఉంటామో లేదో తెలియని మనిషిని ఆరు నెలల మెంటారింగ్‌కు రమ్మంటే, ఆ గంటలకు డబ్బు ఎవరిస్తారన్నది ఆయన వేసే మొదటి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న.

తెలుగు చెప్పేవారి సంగతి

భాషా బోధనలో మెంటారింగ్ గురించిన రాతలు ఎక్కువగా ఇంగ్లిష్ చుట్టూ తిరుగుతాయి. తెలుగు అధ్యాపకుడి ముందున్న చిక్కు వేరు. బీకాం ద్వితీయ భాష క్లాసులో పిల్లలు ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతారు, సినిమా డైలాగులు వల్లిస్తారు. పద్యం చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటారు. ఒకటో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం చదువు, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం. పదవిభాగం, ప్రతిపదార్థం, తాత్పర్యం అనే సంప్రదాయ వరుస ఈ పిల్లలకు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఇంటి భాషను పరాయి లిపిలా చదివే విద్యార్థికి ఎలా చెప్పాలో తెలుగు ఎం.ఏ. సిలబస్‌లో నేర్పరు.

ఈ విద్యార్థిని బాగా ఎరిగిన అధ్యాపకులు ఒకచోట ఉన్నారు. విస్కాన్సిన్-మాడిసన్, బర్కిలీ లాంటి అమెరికా విశ్వవిద్యాలయాల్లో తెలుగు చెప్పినవారికి సరిగ్గా ఇలాంటి పిల్లలే ఎదురయ్యారు. వలస వచ్చిన ఇళ్లలో పుట్టి, వింటే అర్థమై, చదవలేనివాళ్లు. అక్కడ వాళ్లను వారసత్వ భాషా విద్యార్థులంటారు. వాళ్లకు తెలిసిన మాట నుంచి తెలియని అక్షరానికి తీసుకెళ్లే పద్ధతుల మీద చాలా పని జరిగింది. ఆ అధ్యాపకులదీ ఒంటరితనమే. విభాగంలో తెలుగుకు తరచు ఒక్కరే ఉంటారు, దక్షిణాసియా భాషా అధ్యాపకుల సంఘం లాంటి వేదికల్లో కలిసేది ఎక్కువగా హిందీ, ఉర్దూ వాళ్లే.

ఒక జత ఊహించుకుందాం. వరంగల్ లెక్చరర్‌కు ఛందస్సు, కావ్యభాష కరతలామలకం. మాడిసన్ అధ్యాపకురాలికి చదవలేని పిల్లలకు చదువు చెప్పడం తెలుసు. వరంగల్‌లో రాత్రి 8 గంటలైతే మాడిసన్‌లో ఉదయం 8.30, వేసవి కాలమానంలో 9.30. ఆమె సూచన ఏమిటంటే, పద్యాన్ని ముందు చూపించొద్దు, మూడుసార్లు రాగంతో వినిపించండి, విన్న మాటల్లో తెలిసినవి చెప్పమనండి, ఆ మాటలు పేజీలో ఎక్కడున్నాయో వెతకమనండి. ఆయన చేసి చూసి, వెతకడం బాగా సాగిందని, సంధి కలిసినచోట పిల్లలు మాటను గుర్తుపట్టలేకపోయారని చెబుతారు. సంధి ఎలా విడదీసి చూపించాలో అప్పుడు ఆయనే ఆమెకు చెబుతారు. వచ్చే సెమిస్టర్‌లో ఆమెకు అది పనికొస్తుంది. ఇందులో మెంటార్ ఎవరని తేల్చడం కష్టం. సమానుల మధ్య మెంటారింగ్ అనేది ఇలాగే ఉంటుంది, భాషల విషయంలో అది చాలాసార్లు సీనియర్-జూనియర్ పద్ధతి కంటే ఎక్కువ ఇస్తుందని నా నమ్మకం.

రికార్డింగు ఎవరిది?

క్లాసు రికార్డు చేస్తే అందులో విద్యార్థులూ ఉంటారు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల డేటాకు తల్లిదండ్రుల లేదా సంరక్షకుల అంగీకారం కోరుతుంది. డిగ్రీ మొదటి ఏడాదిలో పదిహేడేళ్లవాళ్లు చాలామందే ఉంటారు. ఆ వయసు పిల్లల మాట తడబడిన రికార్డు ఎవరో వాట్సాప్ గ్రూపులో తిరిగితే దానికి మందు లేదు. ఆడియోకే పరిమితం కావడం, ఫోను మైకు టీచర్ వైపు పెట్టడం, విని రాసుకున్నాక ఫైలు తీసేయడం, రాతలో పేర్లు మార్చడం ఇప్పటికి అందుబాటులో ఉన్న జాగ్రత్తలు. రికార్డును ఆటోమేటిక్‌గా రాసిపెట్టి, టీచర్ మాట ఎంత శాతమో లెక్కగట్టే ఏఐ టూల్స్ కూడా వచ్చాయి. లెక్క వరకు అవి పనికొస్తాయి. తెలుగూ ఇంగ్లిషూ కలిసిపోయే మన క్లాసు మాటను ఎంత సరిగా పట్టుకుంటాయో ఎవరికి వారు పరీక్షించుకోవాలి. పైగా ఆ ఫైలు బయటి సర్వరుకు వెళుతుందన్నది మరవకూడదు.

గంటల లెక్క

చివరికి అన్నీ వచ్చి ఆగేది టైమ్ దగ్గర. ఒక మెంటీకి నెలకు ఒక చక్రం అనుకుందాం. రికార్డు, రాత చూడటానికి అరగంట, మాట్లాడుకోవడానికి ముప్పావు గంట, రాసుకోవడానికి పావుగంట. మొత్తం గంటన్నర. నలుగురు మెంటీలు ఉంటే నెలకు ఆరు గంటలు, నాలుగు నెలల సెమిస్టర్‌కు 24 గంటలు. యూజీసీ లెక్కలో అసోసియేట్ ప్రొఫెసర్‌కు వారానికి 14 గంటల బోధన ఉంది. అంటే ఈ పని దాదాపు రెండు వారాల బోధనకు సమానం. ఏ టైమ్‌టేబుల్‌లోనూ చోటు ఇవ్వకుండా "సీనియర్లు ముందుకు రావాలి" అంటే అది సీనియర్ల సాయంత్రాలను అడగడమే. విద్యా విధానం రిటైరైనవారిని పేర్కొన్నది బహుశా ఇందుకే. కానీ రిటైరైనవారి సమయానికీ విలువ ఉంది, వాళ్లకూ మెంటార్‌గా ఎలా వినాలో నేర్పే శిక్షణ కావాలి. ముప్ఫై ఏళ్లు ఉపన్యాసం ఇచ్చినవారికి సలహా ఆపుకుని ప్రశ్న అడగడం అంత త్వరగా రాదు.

ఇంకో లెక్క చూడండి. మాలవీయ మిషన్ ప్రకటించిన లక్ష్యం 15 లక్షల మంది అధ్యాపకులు. అందరికీ మెంటారింగ్ ఇవ్వాలంటే, నలుగురికొకరు చొప్పున 3,75,000 మంది మెంటార్లు కావాలి. ఇంతమంది దొరకరు కాబట్టి రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, ఒక మెంటార్‌తో ఐదారుగురు అధ్యాపకుల చిన్న బృందం. గంటలు ఆదా అవుతాయి, ఒకరి చిక్కు మరొకరికి పాఠమవుతుంది, అయితే అందరి ముందు తన బలహీనత చెప్పుకోవడానికి సంకోచించేవారు నష్టపోతారు. రెండోది, అందరికీ కాకుండా కొందరికి ముందు ఇవ్వడం. నన్నడిగితే మొదటి రెండేళ్లలో ఉన్నవారికి, విభాగంలో ఒక్కరే ఉన్నవారికి, గంటకు ఇంత అని జీతం తీసుకుంటున్నవారికి ముందు ఇవ్వాలి. మిగతావారికి బృందాలు సరిపోతాయి. ఇంగ్లిష్‌తో పాటు తెలుగు, హిందీ, ఉర్దూ, సంస్కృతం వాళ్లకూ మొదటి జాబితాలోనే చోటుండాలి.